బొటనవేలు పెట్టని కాక

బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో మా గదికి ఫేస్‌బుక్ పండితుణ్ని నేనే. డిగ్రీ తప్పినా ఫోను విద్యలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. వరల్డ్ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. డ్యూటీ కాగానే సగం లేచిన గోడల ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళం. 'దుబాయ్ స్టేడియం సూపర్' అని ఊరివాళ్ళు కింద రాసేవాళ్ళు. ఇది ఖతర్ అని మొదట్లో చెప్పి చూశాను, తర్వాత ఓపిక చచ్చి ఊరుకున్నాను.

మా గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు, మా అందరికీ కాక, అంటే బాబాయి. షట్టరింగ్ మేస్త్రీ, యాభై దాటిన మనిషి. కూతురి పోరు పడలేక అల్ ముంతజా బజారులో పెద్ద ఫోను కొన్నాడు. ఖాతా నేనే తెరిచిపెట్టాను. రోజూ కళ్ళద్దాలు తగిలించుకుని అందరి ఫొటోలూ చూసేవాడు. "అరే, గీ పోరడు సన్నవడ్డడు" అని బాధపడేవాడు కూడా. కానీ ఒక్కదానికీ లైక్ కొట్టేవాడు కాదు. దీనికి కూడా పిసినారితనమేనా అని వెనక నవ్వుకునేవాణ్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కాక మంచం మీద దిగాలుగా కూర్చుని కనిపించాడు.

"మూడు వారాలాయె తమ్మీ, మీ చిన్నమ్మ ఫోన్ ఎత్తుతలేదు. బిడ్డ ఎత్తి, అమ్మ పొలం పోయిందంటది. ఎప్పుడు చేసినా పొలమేనా?"

"ఏమన్న అన్నవా?"

"అననీకి ఎత్తితె గద!"

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు జాలేసింది. నా ఫోను నుంచి చేస్తే చిన్నమ్మ వెంటనే ఎత్తింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది.

"నేను మహిళా సంఘానికి లీడరైన బిడ్డా. పిల్ల నా ఫొటో ఎక్కిచ్చింది. ఊరంత బొటనేలు పెట్టింది. నువ్వు పెట్టినవ్. నాతోని మాటల్లేని తోడికోడలు సుత పెట్టింది. మీ కాక పెట్టలే. మొగనికే నచ్చలేదని సంఘంల అందరు ముసిముసి నవ్వుతున్నరు." అంతే, ఫోను పెట్టేసింది.

ఇంతేనా అనుకున్నాను. ఒక్క వేలు నొక్కితే కాపురం చక్కబడుతుంది. ఆ మాటే చెబితే కాక పామును చూసినట్టు ఫోనును మంచం మీద పడేశాడు.

"బొటనేలా? సచ్చినా పెట్ట!"

మొదటిసారి గల్ఫ్‌కు వచ్చినప్పుడు మేస్త్రీ పని అని చెప్పి ఏజెంటు ఏదో కాగితం మీద ఆయన వేలిముద్ర వేయించుకున్నాడట. తీరా దిగాక ఎడారిలో రెండేళ్ళు ఒంటెలు కాయించారు. ఊరికి తిరిగెళ్ళి, కూతురి పలక మీద సంతకం నేర్చుకుని, ఇక జన్మలో బొటనవేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. క్యాంప్ గేటు దగ్గరి హాజరు మిషన్‌కు కూడా చూపుడువేలే ఇచ్చాడు. ఫేస్‌బుక్‌లో జనం ఎగబడి బొటనవేళ్ళు పెడుతుంటే ఇన్నాళ్ళూ ఆయన మా అందరి గురించి భయపడుతున్నాడన్నమాట.

"అది ముద్ర కాదు కాకా, నచ్చిందని చెప్పుడు."

"నా పెండ్లాం నాకు నచ్చిందంటే ముద్రెందుకు? నేను సంతకం చేస్త. ముందుగాల ఏం రాసున్నదో సదువు."

"'మా అమ్మ సంఘం లీడర్' అని నీ బిడ్డ రాసింది."

"కింద సన్న అక్షరాలల్ల ఏం లేదు గద?"

"ఏం లేదు."

రెండుసార్లు చదివించుకున్నాడు. చెవి మీది పెన్సిల్ తీసి, అట్టముక్క మీద పేరంతా పూర్తిగా రాశాడు. కింద గీత, గీత కింద రెండు చుక్కలు. దాన్ని ఫొటో తీసి చిన్నమ్మ ఫొటో కింద పెట్టాను. ఊరంతా చూసి నవ్వుతుందని లోపల్లోపల సంబరపడ్డాను కూడా.

సాయంత్రం టీ వేళకు కాక ఫోను మోగింది. ఆయన ఎత్తి, "ఇయ్యాల పొలం పోలేదా?" అన్నాడు. అవతల చిన్నమ్మ నవ్వు గదంతా వినిపించింది. నాకూ నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషం వారం నిలిచింది.

తర్వాతి శుక్రవారం నా భార్య ఫోన్ చేసింది.

"కాక సంతకం చేసిండట. నువ్వు మూడేండ్ల సంది నాకు ఉత్త ఏలే చూపెడ్తున్నవ్. చేతుల్లేవా?"

పెన్ను కోసం గదంతా వెతికాను. ఆరు ఫోన్లు, పదకొండు చార్జర్లు దొరికాయి. పెన్ను మాత్రం, అరబ్బుల మాటలో, మాఫీ, లేనే లేదు! చివరికి కాక ముందు చెయ్యి చాచాను. ఆయన పెన్సిల్ తీశాడు కానీ చేతికివ్వలేదు.

"ముందుగాల ఫొటో మంచిగ సూడు. సూసినంకనే సంతకం."

ఇదేం గొడవరా అని విసుక్కుంటూనే చూశాను. నా భార్య కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. కొత్తగా పెట్టిందేమోనని పాత ఫొటోలు తీశాను. వాటిలోనూ అద్దాలే, బతుకమ్మ ఫొటోలో కూడా. ప్రతిదాని కిందా నా బొటనవేలు ఉంది.

"ఏమైంది?" అన్నాడు కాక.

"దీనికి అద్దాలెప్పుడొచ్చినయ్ కాకా?"

"నన్నడుగుతవేందిరా?" అని పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.