చెయ్యి పడని డాష్‌బోర్డు

నేను బాగుచేసిన డాష్‌బోర్డు మీద ఇంతవరకూ ఎవరి చెయ్యీ పడలేదని కారాయన నా ఎదుటే, నా భార్య వింటుండగానే, నలుగురికీ చెప్పాడు.

ఆయన కలకత్తా భవానీపూర్‌లో ఉండే మన శ్రీకాకుళం వైపు మనిషే. ఏనాటిదో స్పోర్ట్స్ కారొకటి కొని, దాని డాష్‌బోర్డు బాగుచెయ్యమని నాకిచ్చాడు. మాట్లాడే ముందు మీటరు అద్దాన్ని గోటితో టక్కున కొట్టడం ఆయన అలవాటు. కొట్టి, ముల్లు జవాబు చెబుతుందన్నట్టు చూసేవాడు. అప్పట్లో ఏ ముల్లూ కదిలేది కాదు.

బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగు ఊడదీసి, వెల్లకిలా పడుకుని వెనకనున్న నట్లను చేత్తో తడుముతూ విప్పాను. ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా రంగురంగుల దారాలు కట్టాను. తుప్పు దులిపి ముళ్లను కదిలించాను. నీళ్లకు ఉబ్బిన డాష్‌బోర్డు చెక్కను ఖిదిర్‌పూర్‌లో మా ఇంటికి తెచ్చి, మా మంచం మీదే, ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆ వర్షాకాలమంతా మేమిద్దరం నేల మీద పడుకున్నాం.

పాత కార్ల ప్రదర్శనకు మా ఆవిడకు పట్టుచీర కట్టించి మరీ తీసుకెళ్లాను. ఒక బెంగాలీ పెద్దమనిషి ఆ మీటర్లను మెచ్చుకుని, ఎవరు బాగుచేశారని అడిగాడు. కారాయన మీటరు అద్దం మీద గోటితో కొట్టాడు.

"ఎవరూ ముట్టలేదు దాదా. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది."

ఆ గోరు ఊడిపోతే బాగుండుననిపించింది. మా ఆవిడ నావైపు తిరిగి, "మరైతే మన మంచం మీద అన్నాళ్లు ఆరబెట్టినదేటి, అప్పడాలా?" అంది.

జనం పలచబడ్డాక ఆయన్ని నిలదీశాను. సిగ్గుపడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

"నీ పనే అంత బాగుంది మావా. చెయ్యి పడిందని ఎవుడైనా కనిపెట్టీసుంటే, నీ పేరే సెప్పీవోడ్ని."