ఆటోలో ఈనిన మేక

పోయినేడు మా తాండూరు చర్చిలో స్త్రీల కూటానికి ‘పొరుగువారి సేవ’ గురించి నన్ను మాట్లాడమన్నారు. ప్రసంగం బట్టీపట్టి, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని పెద్దేముల్‌లో షేర్ ఆటో ఎక్కాను. పక్క సీట్లో మేకలు కాసే మల్లవ్వ. ఆమె కాళ్ల దగ్గర నొప్పులు పడుతున్న మేక. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తోందట.

సగం దారిలో పిల్ల కాళ్లు బయటికొచ్చి ఆగిపోయాయి. మేక ఒకటే అరుపు. డ్రైవర్ ఆటో ఆపేశాడు.

“నా చేతులు వణుకుతున్నయ్ బిడ్డా! జర నువ్వు గుంజు, లేకుంటె దీని పానం పోతది” అని మల్లవ్వ ఏడ్చింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు చూసుకున్నది నా చీరనే! తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, మేక ముక్కినప్పుడల్లా మెల్లగా లాగాను. పిల్ల జారి నా ఒళ్లోనే పడింది. తల్లీ పిల్లా బతికాయి.

చర్చికి ఆ చీరతోనే వెళ్లాను. మైకు ముందు నిలబడితే బట్టీపట్టినదాంట్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆలస్యం ఎందుకైందో మాత్రం చెప్పాను. నవ్వులు ఆగాక పాస్టరమ్మ, “ఇగ కూసో తల్లీ, ప్రసంగం అయిపాయె” అంది.

ఇప్పుడు మల్లవ్వ సంతలో కనిపిస్తే “మంత్రసానమ్మా!” అని నలుగురిలో కేకేస్తుంది. నేనూ గర్వంగా పలుకుతాను.