నలభై ఒకటో నంబరు పచ్చ పట్టీ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నంద్యాలలో మా ఇంటి వెనకే సమాధులు. చిన్నప్పుడు అక్కడే క్రికెట్ ఆడేవాళ్లం. బంతి పెద్ద సమాధి దాటితే ఫోరు. అన్నేళ్లలో ఒక్కరూ లోపలి నుంచి లేచి, అది ఫోరు కాదని వాదించలేదు.

కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

నా ఉద్యోగం కుక్కల నెత్తురు తీయడం. పెళ్లిచూపుల్లో దీన్నే ల్యాబ్ టెక్నీషియన్ అంటాం. వీధికుక్కలకు రేబిస్ టీకా వేస్తే సరిపోదు, అది పనిచేసిందో లేదో చూడాలి. నెల తర్వాత అదే కుక్కను పట్టి, నెత్తురులో యాంటీబాడీలు, అంటే ఆ రోగాన్ని తిప్పికొట్టే సరుకు, తయారైందో లేదో పరీక్షిస్తారు. మనిషికి రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే కుక్కల దగ్గరే ఆపాలి. టీకా వేసిన కుక్క మెడకు పచ్చ పట్టీ కట్టి, దాని మీద నంబరు రాస్తాను.

కుక్కల్ని పట్టేది ఖాజా అన్న. ఒకప్పుడు ఫ్యాన్లకు వైండింగ్ చేసేవాడు. ఎంత పొగరు కుక్కయినా ఆయన్ని చూస్తే తోక ఊపుతుంది, నన్ను చూస్తే పళ్లు చూపిస్తుంది. సూది ఎవరి దగ్గరుందో వాటికి తెలుసు.

ఆళ్లగడ్డలో నలభై ఒకటో నంబరు కుక్క నల్లది. కుడి చెవి సగం లేదు. పరీక్షలో దాని యాంటీబాడీలు దాదాపు సున్నా. ఇంకోసారి నెత్తురు తీసి, మళ్లీ టీకా వేసి రమ్మన్నారు. తొమ్మిదిన్నర బస్సుకు బయల్దేరాం.

దిగేసరికి ఊరు మామూలుగా లేదు. ముందురోజు సాయంత్రం ఒక పిచ్చికుక్క ముగ్గురిని కరిచిందట. పొద్దుటి నుంచి జనం కర్రలు, గడ్డపారలతో కుక్కల్ని చంపుతున్నారు. కాలువలో రెండు, మెడికల్ షాపు మెట్ల మీద ఒకటి. తలలు పగిలి ఉన్నాయి. మూడింటి మెడలకూ పచ్చ పట్టీలే.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. టీకా పడిందని మేం కట్టిన పట్టీని, పిచ్చి పట్టిందని గవర్నమెంటు పెట్టిన గుర్తు అనుకున్నారు. ఊరంతా గాలించి మరీ, పిచ్చి పట్టే భయం తక్కువున్న కుక్కలనే చంపారు. కరిచినదానికి పట్టీ లేదు. అది ఎక్కడో తిరుగుతోంది.

"ఆపండప్పా! పట్టీ ఉండేటివి మంచివి!" అని ఖాజా అన్న అరిచాడు.

గడ్డపార పట్టుకున్నాయన ఇటు తిరిగాడు. "కట్టింది నువ్వేనా?"

అబద్ధమాడటం ఖాజా అన్నకు రాదు. "నేనే."

"సూదులేసి కుక్కలకు పిచ్చెక్కిచ్చి, మళ్లా మాకే చెప్తాండావా? నా కొడుకును కరిచిండాది!"

"పిల్లోన్ని బిరీన ఆసుపత్రికి తీస్కపో అన్నా. సూది ఏపిచ్చు."

సూది అన్న మాట వినగానే మొదటి దెబ్బ పడింది. పక్క సందులోకి పరిగెత్తాం. బేతంచెర్ల బండలు పరిచిన చక్కటి సందు. చివర గోడ ఉందని దగ్గరికి పోయాక తెలిసింది. ఖాజా అన్న మీద నలుగురు పడ్డారు. నా మీదికి ఒక్కడే వచ్చాడు. నా ఒళ్లు చూసి అది చాలనుకున్నట్టున్నారు. నా ముక్కు పగిలి నోరంతా నెత్తురు. ఖాజా అన్న మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. గడ్డపార ఆయన తలకు గురిపెట్టి పైకి లేచింది.

అప్పుడే వచ్చింది అసలుది. గోధుమరంగు కుక్క. పట్టీ లేదు. దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది. కొట్టేవాళ్లు గోడెక్కేశారు. కింద ఖాజా అన్న ఒక్కడే, లేవలేక. అది నేరుగా ఆయన ముఖం మీదికి వస్తోంది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. నా కాళ్లు కదల్లేదు. దీని మీద జోకు వేయాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదర్లేదు.

నల్ల కుక్క ఎటునుంచి దూకిందో చూడలేదు. పచ్చ పట్టీ, సగం చెవి. గోధుమరంగుదాని గొంతు పట్టి బండలకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. బండల మీద నెత్తురు, పళ్లు. అవతలిది కదలడం ఆగాకే వదిలింది. తర్వాత వచ్చి ఖాజా అన్న పక్కన కూర్చుంది.

"తియ్యబ్బీ నెత్తురు. వచ్చిందే దీనికోసం గదా," అన్నాడాయన, చెయ్యి వేలాడుతుండగానే.

తొడుగులు వేసుకుని, దాని ముందుకాలి మీద వెంట్రుకలు గీసి, నెత్తురు తీశాను. నెత్తురు నిండాక కూడా సిరంజి చల్లగా తగిలింది. ఐసు డబ్బాలోంచి తీశాను కదా అనుకున్నాను. దూది పెట్టి, తెల్ల టేపు అంటించి, అలవాటు ప్రకారం దాని మీద టైము రాశాను. 11:20. టీకా కోసం డబ్బా వైపు తిరిగి చూసేసరికి కుక్క లేదు.

గడ్డపారాయన చాలాసేపు గోడ దిగలేదు. దిగాక ఖాజా అన్నను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. నేనూ ఎక్కాను. తన ఇంటి ముందు ఆపించి కొడుకును కూడా ఎక్కించాడు.

నాలుగురోడ్ల దగ్గర చచ్చిన కుక్కల ట్రాక్టరు దారికి అడ్డంగా నిలబడి ఉంది. పట్టీల నంబర్లు రాసుకోవాలి కదా అని దిగాను. అన్నిటి అడుగున, కట్టెలా బిగుసుకుపోయి, తల నుజ్జయి, నలభై ఒకటి. సగం చెవి. పట్టీ మీద నా రాతే.

గడ్డపారాయన నా వెనకే వచ్చాడు. "పొద్దున ఏడుకు దీన్నే ఫస్టు కొట్టినా," అన్నాడు. "ఎనిమిదిన్నరకు ట్రాక్టరు ఎక్కిచ్చింది గూడా నేనే. మరి ఆడ సందులో..."

నేను దాని ముందుకాలు చూస్తున్నాను. గీసిన వెంట్రుకలు. దూది. తెల్ల టేపు. 11:20.

ఖాజా అన్న చేతికి కట్టు కట్టారు. ఒంటి మీద కర్ర దెబ్బలు బోలెడు, పంటి గాటు ఒక్కటీ లేదు. పిల్లవాడు సూదులన్నీ వేయించుకున్నాడు, బాగున్నాడు. నేను తీసిన నెత్తురులో యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయి. ఆ విడతలో అన్నిటికంటే ఎక్కువ.

ఒకే నంబరు రెండు కుక్కలకు కట్టి ఉంటావన్నారు ఆఫీసులో. కట్టి ఉండొచ్చు. టేపు మాత్రం ఒక్కటే అంటించాను.

శాంపిల్ ఫారంలో ఒక గడి ఉంటుంది: నెత్తురు తీసే సమయానికి జంతువు బతికుందా, చనిపోయిందా? ఒకటి టిక్కు పెట్టి పంపమని పైనుంచి ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు. పెన్ను తీస్తాను, మళ్లీ జేబులో పెట్టుకుంటాను.