జ్వరం రొట్టెల మధ్య చింతకాయ పచ్చడి

సామర్లకోట స్టేషను బయట ఆటోలు ఆగే చోట ఈమధ్య ఒక కుర్రాడు శాండ్‌విచ్‌ల బండి పెట్టాడు. సాయంత్రం పూట బీపీ మాత్రల కోసం అటు వెళ్లినప్పుడల్లా, ఇనప పెనం మీద వెన్నలో కాలుతున్న బ్రెడ్డు వాసన నాకు ఎదురొస్తుంది. చుట్టూ కాలేజీ పిల్లలు ఫోన్లు చూసుకుంటూ తమ వంతు కోసం నిలబడి ఉంటారు. వాళ్లకి నోట్లో నీళ్లూరుతాయి, నాకు అరచేతులు చల్లబడతాయి. ఈ వయసులో బ్రెడ్డు వాసనకి భయపడే మనిషిని నిన్నొక్కణ్ణే చూశానని మా మనవడు నవ్వుతాడు. వాడు ఆ వాసనని బండి దగ్గరే ఎరుగును. నేను దాన్ని మంచం పక్కన ఎరుగుదును.

మా చిన్నతనంలో బ్రెడ్డు తిండి కాదు, మందు. పెద్దాపురం రోడ్డులో మా ఊళ్లో ఎవరింటికైనా రొట్టె వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని అర్థం. అందుకే సామర్లకోట నుంచి దాన్ని తెచ్చేవాళ్లు తువ్వాలు కింద దాచుకుని తెచ్చేవారు, అయినా కల్లు పోసి పులియబెట్టిన ఆ పిండి వాసన దాగేది కాదు, అరుగుల మీది వాళ్లు లేచి నిలబడి "ఎవరికండీ?" అని అడిగేవారు, అంతే, ఇంకేమీ అడగక్కర్లేదు. రొట్టె చుట్టి వచ్చిన పాత పేపరు ముక్కల్లోనే నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. నాకు బడి ఐదో క్లాసుతో సరి, మిగతా చదువంతా అలాంటి కాగితాలు పెట్టిందే.

అవి చెరుకు ఆడే రోజులు. మంచు విడవకముందే రోడ్డు పొడుగునా ఎడ్లబళ్లు బారులు తీరేవి, గాలి నిండా ఫ్యాక్టరీ పాకం వాసన, కాల్చిన తేగల వాసన, ఎడ్ల పేడ వాసన కలగలిసి ఉండేవి. మా అక్క సత్యవతి నాకంటే నాలుగేళ్లు పెద్ద. కదిలే బండి వెనక పరిగెత్తి చెరుకు గడ లాగడంలోనూ, బిళ్లంగోడు ఆటలోనూ మా వీధి మగపిల్లలెవరూ తనకి సాటి కారు. ఒకరోజు గడ లాగబోయి, లాగకుండానే రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

టైఫాయిడ్ అన్నారు. ఇప్పుడు ఆ మాట అంటే నాలుగు మాత్రలు మింగి ఆఫీసుకి వెళ్లిపోతున్నారు. అప్పుడు ఆ మాట వింటే పక్కింటివాళ్లు తమ పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. సైకిలు మీద వచ్చే డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, లోపల పేగు తడిసిన కాయితంలా ఉంటుందనీ, గట్టిది ఏది తగిలినా చిరిగిపోతుందనీ, పాలలో నానబెట్టిన రొట్టె తప్ప మరేదీ పెట్టొద్దనీ చెప్పి వెళ్లారు. మా నాయనమ్మకి అదీ నచ్చలేదు. కల్లు పిండి పసిపిల్ల కడుపులోకి ఎలా పోస్తారర్రా అని గొణుగుతూ, లంఖణమే పరమౌషధమని పట్టుబట్టి, అమ్మ గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్లిన ప్రతిసారీ గుమ్మంలో అడ్డంగా కూర్చునేది.

అమ్మ కత్తిపీట మీద రొట్టె అంచులు కోసేసి మెత్తటి భాగం అక్కకి నానబెట్టేది. ఆ గట్టి అంచులు నా వాటాకి వచ్చేవి. పెరట్లో కూర్చుని రెండు అంచుల మధ్య ఆవకాయ ముక్క చిదిమి పెట్టుకుని తినేవాణ్ణి. శాండ్‌విచ్ అనే పేరు తెలియకముందే నేను చేసుకున్న శాండ్‌విచ్ అది. నూనె రొట్టెలోకి ఇంకి, మాడిన అంచు చేదు, ఆవఘాటు ఒకదాన్నొకటి పట్టుకునేవి. అంత రుచీ భయంలోనే తిన్నాను. జ్వరం రొట్టె తింటే జ్వరం అంటుకుంటుందని వీధిలో ఎవరో అన్నారు. ప్రతి ముక్కకీ మెడ కింద చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి. అంచులు వస్తున్నాయంటే అక్క ఇంకా మంచం మీదే ఉన్నట్టు. అంచులు రాకపోతే ఏమైనట్టో తలుచుకోవడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

చివరికి జ్వరం దిగింది. అసలు భయం అప్పుడు మొదలైంది. అక్క పాలరొట్టె చూస్తేనే మొహం తిప్పేసుకునేది. బలవంతాన పెడితే ఉమ్మేసేది. మోచేతులూ మోకాళ్లూ తప్ప మనిషిలో ఏమీ మిగల్లేదు. తిండి లేక పోతుందేమోనని అమ్మ భయం, తిండి పెడితే పోతుందేమోనని నాయనమ్మ భయం. ఆ రెండు భయాల మధ్య నాన్న పంచదార ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లి వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ మరిడమ్మ తల్లికి మొక్కుకోవడానికి పెద్దాపురం వెళ్లింది. నేను విసనకర్రతో అక్కకి విసురుతున్నాను. అక్క కళ్లు తెరిచి, "అమ్మా, పుల్లగా ఏదన్నా పెట్టవే" అంది. అన్ని రోజుల తర్వాత అక్క తనంతట తాను అడిగింది అదే.

అమ్మ అటక మీద నుంచి పాత జాడీ దింపింది. అందులో మూడేళ్ల నాటి చింతకాయ పచ్చడి ఉండేది, ఉప్పు, పసుపు, మెంతులు పడి ఊరి ఊరి నల్లబడినది. పథ్యానికి పనికొస్తుందని ప్రతి ఇంట్లోనూ అలా ఒక జాడీ దాచేవారు. ఈనెలు, గింజలు తీసి, మిరపకాయ తగలనివ్వకుండా జీలకర్రతో మెత్తగా నూరి, నేతిలో ఇంగువ చిటికెడు వేసి పొంగించింది. నిన్నటి రొట్టెలోంచి రెండు ముక్కలు పల్చగా కోసింది. ఆ పొద్దున చిలికిన వెన్న అట్లపెనం మీద వేసి, కొబ్బరిమట్టల మంట తగ్గించి, ముక్కల్ని రెండు వైపులా ఎర్రగా కాల్చింది. ఒక ముక్కకి పచ్చడి గోరంత మందాన పూసి, వేయించిన కరివేపాకు నలిపి చల్లి, రెండోది మీద అదిమింది. రొట్టె కరకరలాడుతుంటే లోపల పులుపు వేడికి కరిగి అంచులదాకా వచ్చింది. ఆ వాసనకే అక్క లేచి కూర్చుంది.

నాయనమ్మ కుంకుమ పొట్లంతో గుమ్మంలో అడుగు పెట్టేసరికి అక్క వేళ్లు నాకుతోంది. అరుస్తుందనుకుని నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. ఆవిడ అరవలేదు. పొట్లం కింద పెట్టి, నేల మీద చతికిలబడి, చాలా మెల్లిగా అంది.

"నేనూ ఇలాగే పెట్టేనే అమ్మాయ్. జ్వరం దిగింది కదా, ఆకలో అని ఏడుస్తుంది కదా అని ఇంత పప్పన్నం కలిపి పెట్టేను. సాయంత్రానికి పొట్ట బల్లలా బిగిసిపోయింది."

నాకొక మేనత్త ఉండేదని, చిన్నప్పుడే అలా పోయిందని అప్పుడే తెలిసింది. అమ్మకి కూడా అప్పుడే తెలిసిందేమో, చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. మూఢనమ్మకాల ముసలమ్మలని ఇప్పుడు మైకుల్లో ఎద్దేవా చేసే పెద్దమనుషుల్ని నేను అడుగుతాను, ఆ నమ్మకం ఆవిడకి ఎవరి బొంద మీద మొలిచిందో మీకేం తెలుసయ్యా?

నాయనమ్మ అక్కని పడుకోబెట్టి పొట్ట మీద అరచెయ్యి ఆన్చింది, ఇక తియ్యలేదు. ఎండ గుమ్మం దాటి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి జరుగుతూంటే మేమంతా ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం. బయట చెరుకు బళ్ల గంటలు వినబడుతూనే ఉన్నాయి. నాన్న డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, చొక్కా కూడా మార్చకుండా డాక్టరు గారి కోసం పరిగెత్తాడు.

ఆయన వచ్చి పళ్లెంలో రొట్టె పొడి చూసి మండిపడ్డారు. "ఎవరు పెట్టారు దీనికి ఇది?"

అమ్మ నోరు తెరిచేలోపు నాయనమ్మ, చెయ్యి పొట్ట మీంచి తియ్యకుండానే, "నేనేనండి" అంది.

ఆయన తిట్టినంతసేపూ ఆవిడ తల వంచుకునే ఉంది. పొట్ట ఇప్పటికైతే మెత్తగానే ఉందనీ, పొద్దుగూకేదాకా ఇలాగే ఉంటే ఆ పిల్ల అదృష్టమనీ చెప్పి ఆయన వెళ్లిపోయారు. అమ్మ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "ఎందుకత్తా?" అంటే, "నాకు అలవాటే కదా" అంది.

దీపం వెలిగించే వేళ దాకా అక్క కదల్లేదు. నేను ఊపిరి లెక్కపెడదామని చూసి, భయం వేసి మానేశాను. అప్పుడు మంచం మీంచి విసుగ్గా మాట వినబడింది. "నాయనమ్మా, చెయ్యి తియ్యవే, బరువుగా ఉంది. ఇంకోటి ఉందా?"

నాయనమ్మ చెయ్యి తీసి, గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్లి గొంతెత్తి ఏడ్చింది. ఏ పిల్ల కోసం ఏడ్చిందో నాకు తెలియలేదు.

బండి కుర్రాణ్ణి ఒకసారి అడిగాను, ఏమేం వేస్తావయ్యా అని. మయోనైజ్, చీజ్, స్వీట్‌కార్న్ అన్నాడు, తెల్లటి జిగురు సీసాలోంచి పిండుతూ. పేర్లున్నాయి గానీ రుచి ఏది? పులుపు లేదు, వగరు లేదు, మూడేళ్లు ఆగిన ఉప్పు లేదు. కల్లుతో పులిసిన రొట్టె పోయింది, ఇప్పటి బ్రెడ్డు పంచదార పట్టిన దూది. పథ్యం జాడీలు అటకల మీంచి దిగి పాత సామాన్లవాడి బండెక్కాయి. జబ్బు మనిషి పొట్ట మీద చెయ్యి వేసి పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్లూ పోయారు. ఆ పని గాజు తలుపు అవతల మిషన్లు చేస్తున్నాయి, మనల్ని లోపలికి రానివ్వరు.

అక్క కడియంలో ఉంటుంది, నర్సరీ మొక్కల మధ్య, మునిమనవల మీద కేకలేస్తూ. మొన్న ఫోనులో ఈ బండి సంగతీ, నా చేతులు చల్లబడే సంగతీ చెప్పాను. అక్క నవ్వింది.

"మీరంతా ఎందుకలా బిగుసుకుపోయారో నాకేం తెలుసురా తమ్ముడూ. నాకు భయం వెయ్యలేదు. అమ్మ రెండోది కాలుస్తుందా లేదా అని, అదే చూస్తూ పడుకున్నాను."

అమ్మ కాల్చలేదు. అక్క పెళ్లయి వెళ్లేదాకా అడుగుతూనే ఉంది, అమ్మ ఏదో ఒక పని పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేది.