అతుకుల తెర

మా అత్త పోయింది. నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో ఆదివారాలు సినిమా చూసినవాళ్లకి ఆవిడ తెరమ్మ. నాకు మేనత్త, మా నాన్నకి అక్క. జ్వరమని దవాఖానకి తీసుకెళ్లాం, మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఎంత మంచి మనిషో అని అందరూ అంటున్నారు. మంచిదే, మొండిది కూడా. ఆ మాట చెప్పకపోతే ఆవిడే ఒప్పుకోదు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో మామయ్య ఉద్యోగం వెంట గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాక కుట్టుమిషనుతో సహా మా ఇంటికి చేరింది. బస్తీవాళ్లు ఆబిడ్స్ టాకీసుల ముందు వాల్‌పోస్టర్లు చూసి వెనక్కి రావడమే గాని లోపలికి వెళ్లే స్తోమత లేదు. అందుకని నాన్నా, ఆయన స్నేహితులూ ఖాళీగా పడున్న ఒక గోదాములో ఆదివారం మధ్యాహ్నాలు ఊరికే బొమ్మ వేసేవారు. ప్రొజెక్టరు అరువు, బెంచీలు చర్చివాళ్లవి, కిటికీలకి గోనెసంచులు. తెర మాత్రం అత్తది. సుల్తాన్ బజార్‌లో లాంగ్‌క్లాత్ కొని, పన్నాలు కలిపి కుట్టింది. శనివారం దాన్ని ఉతికి, నీలిమందు పెట్టి, గంజి వేసి ఆరేసేది. ఆ రోజు తీగ మీద మా బట్టలకి చోటుండేది కాదు.

ఒక ఎండాకాలం బస్తీలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆదివారం బొమ్మ మొదలయ్యే ముందు గూడ్స్‌షెడ్డు హమాలీ ఒకాయన వచ్చి గోదాము గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నా పెండ్లాం పోయింది. కప్పనీకి గుడ్డ లేదు. దుకాణాలన్ని బంద్ ఉన్నయ్."

అత్త కత్తెర తీసుకుని తెర అంచు కోయడం మొదలుపెట్టింది. నాన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఆగవే అక్కా! ఇంత జనం వచ్చారు, బొమ్మెక్కడ పడాలి?"

"బొమ్మ గోడ మీద పడినా కనబడుతుందిరా. మనిషిని గోడలో చుట్టలేం."

ఆ వారమంతా అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. శవానికి కోసిన తెర అశుభమని నాన్న స్నేహితుల్లో కొందరు రావడం మానేశారు. బస్తీవాళ్లూ జంకారు. మరుసటి ఆదివారం బెంచీలు సగం ఖాళీ. ఇక మూసేద్దామన్నాడు నాన్న. అత్త వినిపించుకోకుండా కొత్త గుడ్డ అతికి తెర కట్టింది. అప్పుడు ఆ హమాలీ తన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని, అతుకు చూపించాడు.

"గాడ జూడున్రి. గది మీ అమ్మది."

పిల్లలు సినిమా అంతా ఆ అంచునే చూశారు. వాళ్లని చూసి మిగతావాళ్లు మెల్లగా తిరిగొచ్చారు.

తర్వాత అదే ఆచారమైపోయింది. గుడ్డకి గతిలేని చావు వస్తే అత్త దగ్గరికే వచ్చేవారు. కోసేది, అతికేది. చావులు ఆగలేదు, నల్లా నీళ్లు బాగుపడలేదు. పాట మధ్యలో కథానాయిక చెయ్యి ఏదో అతుకు మీదికి వెళ్తే, చీకట్లో ఎవరో "గది మా అయ్యది" అనేవారు. చిన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది. ఇప్పుడు ఏ టాకీసుకి వెళ్లినా ఆ శుభ్రమైన తెర బోసిగా కనిపిస్తుంది.

మొన్న అత్తకి కప్పడానికి నాన్న కొత్త బట్టే తెచ్చాడు. పాడె కడుతుంటే ఆ హమాలీ, జుట్టంతా నెరిసిపోయి, గోదాములోంచి తెర విప్పి భుజాన వేసుకుని వచ్చాడు.

"గీ తెరలకెల్లి జరంత ముక్క గూడ అమ్మ మీద కప్పుండ్రి సారూ."

నాన్న అత్త కత్తెర తెచ్చుకున్నాడు. తెర నేల మీద పరిచి చాలాసేపు చూశాడు. అంచులన్నీ ఎవరో ఒకరివి. అత్త మొదట కుట్టిన గుడ్డ నడిమధ్యనే మిగిలింది. అక్కడ కోశాడు.

ఈ ఆదివారం బొమ్మ వేశాం. అతుకు వేయడానికి మిషను ముందు కూర్చునేవాళ్లు లేరు. తెర నడుమ కోసిన కంతలోంచి బొమ్మ వెనక సున్నపుగోడ మీద పడింది. కథానాయిక నుదురూ గడ్డమూ గుడ్డ మీద, కళ్లు మాత్రం గోడ మీద, కాస్త మసగ్గా. ఎవరూ గోల చేయలేదు. ప్రొజెక్టరు పక్కన నిలబడ్డ నాన్న అన్నాడు:

"అది మా అక్కది."