ఎరువులో ఆవకాయ

కనకదుర్గ వారమంతా ప్లేనోలో ఒక అమెరికన్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఆదివారం మాత్రం దగ్గరి ఊరు కాపెల్‌లోని గుడి వెనక చెత్త కలుపుతుంది. రెండూ ఒకటే పని అంటాడు ఆమె భర్త దివాకర్, ఎవరో చేసిన తప్పు వెతికి పట్టుకోవడమేనట. ఆయన మాటకేం గానీ, ఆ పని ఆమె ఎవరో చెబితే మొదలుపెట్టలేదు. రెండేళ్ల కిందట వేసవిలో, అన్నదానం అయ్యాక గుడి డంప్‌స్టర్ అనే పెద్ద చెత్తడబ్బా మూత ఎత్తింది. పొద్దున స్వామి మెడలో వేసిన చామంతి దండల మీద సాంబారు ఒలికి ఉంది. ఆ పక్కనే ఎవరి పిల్లలవో డైపర్లు. పూలకు పొరపాటున కాలు తగిలితేనే కళ్లకద్దుకునే జనం, వాటిని ఇలా పడేసి హాయిగా కారెక్కి పోతున్నారే అని ఆమెకు ఒళ్లు మండింది.

గుడి కమిటీ పెద్ద భీమశంకరం గారిని ఒప్పించడం అంత తేలిగ్గా జరగలేదు. ఆయనకు వాసనంటే భయం, ఎలుకలంటే భయం, తనిఖీకొచ్చే సిటీ వాళ్లంటే మరీ భయం. ఆఖరికి పార్కింగ్ లాట్ చివర కంచె పక్కన కాస్త చోటిచ్చారు. తేడా వస్తే ఆపేయాలన్నది షరతు.

మూడు పెద్ద చెక్క పెట్టెలు చేయించింది. నిర్మాల్యం, వంటింటి తొక్కలు, ఎండుటాకులు, ఇండియన్ షాపులో అడిగి తెచ్చుకున్న అట్టపెట్టెల ముక్కలు పొరలు పొరలుగా వేసేది. చలికాలం పొద్దున్నే పార దింపితే లోపలి నుంచి ఆవిర్లు వచ్చేవి. అది చూసి జనానికీ హుషారు పుట్టింది. ఇళ్ల నుంచి కూడా బకెట్లు తేవడం మొదలుపెట్టారు. ఏం వేయొచ్చు, ఏం వేయకూడదు అని అడిగిన ప్రతివాళ్లకీ ఆమె ఒకటే చెప్పింది, మనుషులు తినేదేదైనా మట్టి కూడా తింటుందని. చెప్పిన ప్రతిసారీ ఆ మాటకు ఆమెకే ముచ్చటేసేది.

మొదటి ఏడాది ఎరువు నల్లగా, వాన పడ్డ నేల వాసనతో దిగింది. రెండో ఏడాది ఏప్రిల్‌లో తలా ఒక సంచీ పట్టుకుపోయి కరివేపాకు కుండీల్లో వేసుకున్నారు. ఈ ఊళ్లో మనవాళ్లు లాన్ ఎండిపోయినా ఊరుకుంటారు గానీ, కరివేపాకు చెట్టుకు మాత్రం చంటిపిల్లకు చేసినంత సేవ చేస్తారు. చలి మొదలైతే గరాజ్‌లోకి మోస్తారు, దానికి లైటు పెడతారు, దుప్పటి కప్పుతారు.

నెల తిరక్కుండానే ఆకుల అంచులు మాడి రాలడం మొదలైంది. గుడి వాట్సాప్ గ్రూపులో మొదటి ఫొటో, కనకదుర్గను సొంత అక్కలా చూసుకునే త్రివేణిది. త్రివేణి చెట్టంటే మనిషెత్తు చెట్టు, ఏ ఇంట్లో పోపు వేయాలన్నా దాని రెమ్మే. ఆ వెంటనే ఇంకో నాలుగిళ్ల ఫొటోలు వచ్చాయి. వచ్చే ఆదివారం హారతి అయ్యాక కంపోస్ట్ సంగతి మాట్లాడదామని భీమశంకరం గారు ఒక ముక్క పెట్టారు. అంటే ఆపేద్దామని. కనకదుర్గకు ఆ పూట అన్నం సయించలేదు. పూలు మళ్లీ ఆ డంప్‌స్టర్‌లోకి పోతాయన్నది ఒక బాధ. త్రివేణి ఫోన్ చేయకపోవడం అంతకన్నా పెద్ద బాధ. నాలుగు తిట్టినా బాగుండేది.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు కనకదుర్గ. రెండు గిన్నెలు తీసి, ఒకదాంట్లో మామూలు మట్టి, ఇంకోదాంట్లో తన ఎరువు పోసి, రెండింట్లోనూ మెంతులు చల్లింది. మట్టిలోవి గురువారానికల్లా మొలిచాయి. ఎరువులోవి చల్లినవి చల్లినట్టే ఉన్నాయి. తప్పు తన ఎరువుదేనని తేలిపోయింది. శనివారం గుడికెళ్లి, పెట్టెల్లో మిగిలిన ఎరువంతా జల్లెడ పట్టింది. పూలు పూర్తిగా కరిగిపోయాయి, అట్టముక్కల జాడ లేదు. జల్లెడలో మాత్రం గట్టి ముక్కలు మిగిలాయి. కడిగి చూస్తే మామిడి టెంకలు. కత్తిపీటతో చదరంగా కొట్టిన టెంక ముక్కలు ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి రెండిళ్ల ఆవకాయ కాదది, గిన్నె నిండింది. అంత ఉప్పు పడితే కరివేపాకేమిటి, గడ్డి కూడా మొలవదు.

ముందు పట్టరాని కోపం వచ్చింది. తర్వాత, తినేదేదైనా వేయమని ఊరంతా చెప్పింది తనేనని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం మీటింగ్‌లో ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, తప్పు తనదేనని, ఉప్పు సంగతి తనకు తోచలేదని చెప్పింది. భీమశంకరం గారు అక్కడితో వదల్లేదు.

"అది సరే అమ్మా, ఇంత ఆవకాయ ఎవరు పోశారు ఇందులో?"

వెనక వరసలో త్రివేణి లేచి నిలబడింది.

"నేనే అంకుల్. పోయిన ఏడు అత్తయ్య పట్టిన పచ్చడి. ఆవిడ పోయాక తినబుద్ధి కాలేదు, బూజు పట్టింది. ట్రాష్‌లో వెయ్యడానికి చేతులు రాలేదు. ఇక్కడైతే స్వామి పూలతో పాటు మట్టిలో కలుస్తుంది కదా అనుకున్నా."

ఆమె కూర్చునేలోగా ముందు వరసలో శశికాంత్ తమది మూడేళ్ల నాటి జాడీ అన్నాడు. అతని వెనక ఎవరో మాగాయ అన్నారు. ఇంకెవరిదో ఉసిరికాయ. ఇంటింటికీ ఫ్రిజ్‌లో వెనక వరసన, తినలేనిదీ పారేయలేనిదీ ఒక సీసా ఉంది. అందరికీ కనకదుర్గ పెట్టెలే దిక్కయ్యాయి. అందరి తర్వాత, తమ ఇంటి నుంచి కూడా రెండు సీసాలు వచ్చాయని భీమశంకరం గారే నెమ్మదిగా ఒప్పుకున్నారు. ఇక ఆపేయమని అనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. పచ్చళ్లు తప్ప మిగతావి వేసుకోవచ్చన్నారు. కుండీల్లో మట్టి మార్చి, చెట్ల వేళ్లు బాగా కడగమని కనకదుర్గ చెప్పింది. త్రివేణి చెట్టు మోడుగా ఉంది, చిగురిస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

బయటికొచ్చాక త్రివేణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఫ్రీజర్‌లో ఇంకో సీసా ఉంది. బానే ఉంది. దాన్నేం చెయ్యమంటావ్?"

నిన్న జల్లెడ దగ్గర ఈ మనిషి మీదేనా అంత కోపం తెచ్చుకున్నాను అనిపించింది కనకదుర్గకు.

"తినాలి త్రివేణీ. దాచుకోమని కాదుగా ఆవిడ పట్టింది. వచ్చే ఆదివారం పట్రా."

ఆ ఆదివారం అన్నదానం అయిపోయాక, వంటింట్లో మిగిలిన పదిమందీ పొయ్యి మీంచి అప్పుడే దించిన అన్నం చుట్టూ చేరారు. కనకదుర్గ త్రివేణి తెచ్చిన ఆవకాయ, నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టింది. బీపీ ఉన్న భీమశంకరం గారు ఒకటన్నారు, మూడు తిన్నారు. త్రివేణి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉండిపోయింది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. అత్తయ్య ఉప్పు ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే వేసేదని చెప్పి, ఇంకో ముద్దకు చెయ్యి చాపింది. ఆవకాయ అయిపోయాక కనకదుర్గ సీసాలోనే కాస్త వేడన్నం వేసి, గోడలకంటిన గుజ్జంతా దానికి పట్టించి, ఆ ఆఖరి ముద్ద త్రివేణి చేతిలో పెట్టింది.