వెచ్చని చెరువులో గుండ్రని గుంటలు

మొన్న ద్వారకా నగర్‌లో కళ్లద్దాలు మార్పించుకుని వస్తూ ఒక రంగుచేపల దుకాణం ముందు ఆగిపోయాను. గాజుతొట్టిలో ఒంటరి చేప నోటితో ఇసుక తవ్వి, గుండ్రని గుంట చేసి, దానిమీద రెక్కలు మాత్రమే ఆడిస్తూ నిలిచి ఉంది. ఆ నిలకడను నేను ఇంతకుముందే చూశాను.

గాజువాక అవతల ఒక కర్మాగారంలో నీటి పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లవి. యంత్రాలను చల్లార్చిన నీరు వెనుక చెరువులో పడేది. పుష్యమాసపు ఉదయాల్లో దానిమీద ఆవిరి కదిలేది. మా మేనత్త కొడుకు, నాకు బావ, ఊళ్లో సాగు వదులుకుని చేపల పెంపకానికి ఆ చెరువునే నమ్ముకున్నాడు. తెచ్చిన తిలాపియా చేపపిల్లలు పెరిగి వాటంతటవే సంతతినిస్తే నిలబడతాడు, లేకుంటే లేదు. కంటికి ఆనీ ఆనని ఆ పిల్లలను ఎక్కడ ఉంచాలని నన్నడిగాడు. చలికి చస్తాయని, నీరు పడే మూలనే, సరిగ్గా ముప్ఫై ఏడు డిగ్రీల వద్ద, నెలరోజులు వలగూటిలో ఉంచమన్నాను.

"అల్లుళ్ల లాగ ఏణ్ణీళ్ల తానం సేయించి పెంచుతన్నాం బావా! రేపు పిల్లలెక్కువైపోతే నువ్వే కాసుకోవాల" అని నవ్వాడు.

చేపలు బలిశాయి. ఏడాది దాటినా, ఎలుకల్లా పిల్లలు పెడుతుందని పేరుపడ్డ ఆ జాతికి ఒడ్డున ఒక్క పిల్ల మెదలలేదు. మరమ్మతులకు కర్మాగారం ఆగి, నీరు తగ్గి తేటపడిన రోజున ఇద్దరం గట్టుమీద నిలబడి చూశాం. అడుగంతా పళ్లేలంత గుంటలు, వరుసలుగా, చెరువు ఆ కొస దాకా. ఒక్కొక్క గుంటమీద ఒక్కొక్క చేప, రెక్కలాడిస్తూ.

"ఏటి బావా ఇది? ఇల్లు ఊడ్సుకుని గుమ్మంలో నిల్సున్నట్టున్నాయి. ఎవుల కోసం?"

పది చేపలు కోసి చూశాను. ఒక్కదానిలోనూ గుడ్లసంచి లేదు. గుంట తవ్వి ఆడచేప కోసం కాచేది మగచేపేనని, పసితనంలో తగిలిన వేడికి ఆడవి కావలసినవి కూడా మగవైపోతాయని ఆ తరువాతే చదివి, చెరువుగట్టుకు వెళ్లి బావకు చెప్పాను. అంకెను రోజూ దశాంశంతో సహా రాసుకున్నవాణ్ణి, దాని అర్థం మాత్రం రాసుకోలేదు. ఆయన వల మడిచి, పట్నంలో కాపలా ఉద్యోగానికి వెళ్లిపోయాడు, మళ్లీ నీటి జోలికి రాలేదు.

ఆ రోజుల్లో అంతటి వేడి నీటికి కర్మాగారం వెనక్కి వెళ్లవలసి వచ్చేది. కిందటి వేసవిలో భీమిలి దారిలో, ఏ కర్మాగారపు గొట్టమూ కలవని ఒక చిన్న చెరువులో, పాత అలవాటుగా థర్మామీటరు ముంచాను. ఒట్టి ఎండకే ముప్ఫై ఏడు. పక్కన, ఎవుల కోసమని అడగడానికి, ఇప్పుడు బావ లేడు. అడుగున ఏముందో చూడకుండానే బస్సెక్కేశాను.